స్వరూప చేతులు

నేను చెప్పిన అబద్ధం ఒక్క ముక్క. నోట్లోంచి తేలిగ్గా వచ్చేసింది. ఆ తర్వాత ఇన్నేళ్ళుగా గొంతుకు అడ్డంపడి అలాగే ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు. గుళ్ళో నిలబడి కూడా ఆ మాట దగ్గరికి రాగానే పక్క మాటలోకి జారుకునేదాన్ని. మీకు చెబుతున్నాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. ఎదురుపడి తల దించుకోవాల్సిన పని లేదు. ఆ మాత్రం పిరికితనం నాలో ఇంకా ఉందని ముందే తెలిస్తే మంచిది.

ఆమె పేరు స్వరూప అనుకుందాం. అసలు పేరు రాయను.

తొంభైల చివర. కొండాపూర్ దాటాక ఒక ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోటంతా అప్పుడు బండరాళ్ళే. హైటెక్ సిటీ కోసం ఆ రాళ్ళను పేలుస్తూ ఉండేవారు. సైరన్ మోగేది, కాసేపటికి ధన్‌మని నేల అదిరేది, మా బోనుల్లోని ఎలుకలన్నీ కింద పరిచిన వరిపొట్టులో ముక్కులు దూర్చేవి. మూసాపేట నుంచి బస్సులో దుమ్ము కొట్టుకుపోయి దిగేదాన్ని. కొత్త మందు ఏదైనా గర్భిణి వాడితే కడుపులో బిడ్డకు హాని చేస్తుందా అన్నది తేల్చడం మా విభాగం పని. మనుషుల మీద చూడలేం కాబట్టి ఎలుకల మీద చూసేవాళ్ళం. ఒక్కోసారి ఎలుక పిండాన్ని తల్లి కడుపులోంచి తీసి, సీసాలో పెంచి, అందులో మందు కలిపి చూసేవాళ్ళం.

ఆ తీయడంలో ఉంది పనితనం. పిండం నువ్వుగింజంత. మైక్రోస్కోపు కింద పెట్టి, రెండు సన్నని పట్టకార్లతో పైపొర చించాలి. దాని కింద ఇంకో సంచి ఉంటుంది, దానికి గీత పడకూడదు. పడిందా, పిండం పోయినట్టే. ఉల్లిపాయ పైపొర తీస్తూ కింది పొరకు గోరు తగలకుండా చూసుకున్నట్టు. ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది గొప్ప కోసం అనడం లేదు, అందరూ అనేవారు. మా డైరెక్టరు గారు బయటినుంచి వచ్చినవాళ్ళకు నన్ను చూపించి, "ఈవిడ చేతులండీ మా ఆస్తి" అనేవారు. నాకు చదువులో పెద్ద పేరు లేదు. అందం అంతంతమాత్రం. చేతులున్నాయి. ఆ ఒక్కటీ చూసుకుని మురిసిపోయేదాన్ని.

అప్పుడొచ్చింది స్వరూప.

మెదక్ వైపు పిల్ల. లింగంపల్లిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఒక గది కిరాయికి తీసుకుంది. వచ్చిన రోజే నన్ను "అక్కా" అంది, "నువ్వు" అంది. మాది గోదావరి వైపు. కొత్త మనిషిని మీరు అనకుండా నువ్వు అంటే మాకు చెంప మీద కొట్టినట్టుంటుంది. ఆమె ఊళ్ళో అక్కను నువ్వు అనడమే ప్రేమ అని నాకు తెలుసు. తెలిసి కూడా మండింది. పని నేర్పమని నాకే అప్పగించారు. నేర్పాను. దాచుకోకుండా నేర్పాను, ఆ మాట మాత్రం నిజం. మోచెయ్యి ఎక్కడ ఆనించాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, అన్నీ.

కొన్నాళ్ళకే ఆమె నన్ను దాటిపోయింది. ఎలా చెప్పను? నేను ఊపిరి బిగబట్టి చేసే పనిని ఆమె కూనిరాగం తీస్తూ చేసేది. ఒకరోజు డైరెక్టరు గారు మైక్రోస్కోపులోకి వంగి చూసి, చాలాసేపు లేవలేదు. లేచి, "ఇవెవరి చేతివి?" అన్నారు. నా వైపు చూస్తూనే అడిగారు, నావే అనుకున్నారు. "స్వరూపవండీ" అన్నాను నవ్వుతూ. ఆ నవ్వు కోసం నేను పడ్డ కష్టం ఆ దేవుడికే తెలియాలి.

ఓర్వలేనితనాన్ని మా వైపు ఏడుపు అంటారు. ఫలానావాళ్ళ మీద పడి ఏడుస్తోంది అంటారు. ఎంత సరైన మాట! పైకి నవ్వుతూ, టిఫిన్ పంచుకుంటూ, ఆమె జడలో పువ్వు జారితే సర్దుతూ, లోపల రోజంతా ఏడ్చేదాన్ని. ఆమె టీ గ్లాసు పట్టుకున్నా నా చూపు ఆ వేళ్ళ మీదే. ఎందుకు ఆమెకు? ఊళ్ళో జొన్నరొట్టెలు తట్టిన చేతులకు ఇంత నాజూకు ఎక్కడినుంచి వచ్చింది? ఇలాంటి నీచమైన మాటలు కూడా అనుకున్నాను.

అదే రోజుల్లో ఒక మూర్ఛ మందు మా దగ్గరికి వచ్చింది. మూర్ఛ ఉన్న ఆడవాళ్ళు గర్భంతో ఉన్నా మందు మానలేరు. మానితే వాళ్ళకు ప్రమాదం, వాడితే కొన్ని మందులతో బిడ్డకు ప్రమాదం. ఈ కొత్తదైనా మేలు చేస్తుందేమోనని మందుల కంపెనీవాళ్ళ ఆశ. కానీ ఎలుక పిల్లలు తల సరిగ్గా మూసుకోకుండా, వంకర్లతో పుట్టాయి. కంపెనీ వాళ్ళు వచ్చి కూర్చున్నారు, ఇక ఆపేద్దామన్నారు. చివర కుర్చీలోంచి స్వరూప లేచింది.

"సార్, ఎలుక పిండం అంగి ఉల్టా తొడుక్కున్నట్టుంటది" అంది. "లోపలుండాల్సిన సంచి బయటికి తిరిగి ఉంటది. మావి తయారయ్యేదాకా ఆ సంచితోనే తల్లి దగ్గర్నించి తింటది. మనిషి పిండంల గట్ల కాదు గద సార్. ఆ సంచి లోపల్నే ఉంటది, చిన్న బుడ్డ లెక్క. గీ మందు ఎలుకకు విషమై కాదు, దాని నోరు మూసి ఆకలికి చంపుతదేమో. జర చూస్తే మంచిది."

అందరూ నవ్వారు. అది వెక్కిరింత నవ్వు కాదు, విషయం తలకెక్కినప్పటి నవ్వు. కంపెనీ పెద్దమనిషి "అంగి ఉల్టా" అని మళ్ళీ అనుకుని తల ఊపాడు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. ఆ సంచి గురించి నేను ఆమెకంటే ముందు చదివాను. మనిషి పిండం ఆ తొలి వారాల్లో ఏం తిని బతుకుతుందో అప్పటికి మాలో ఎవరికీ పూర్తిగా తెలియదు కానీ, ఎలుకలాగా తినదని మాత్రం నాకూ తెలుసు. లేచి చెప్పాలని తోచలేదు. తోచినామెను చూసి కడుపు రగిలింది.

ఆమె అనుకున్న ప్రయోగం సులువుగా అర్థమవుతుంది. సీసాల్లో పిండాలు మూడు గుంపులు. మొదటి గుంపుకు మందు లేదు. రెండో గుంపుకు మందు. మూడో గుంపుకు మందుతో పాటు, ఆ సంచి అరిగించి ఇవ్వాల్సిన ఆహారాన్ని ముందే అరిగిన రూపంలో కలపడం. రెండోది దెబ్బతిని మూడోది కోలుకుంటే, నష్టం ఆకలి వల్లే అని తేలుతుంది. ఎలుక కష్టం ఎలుకదే, దాన్ని చూసి మనిషికి మందు ఆపనక్కర్లేదని వాదించవచ్చు. కానీ దీనికంతటికీ మొదటి గుంపు ఆరోగ్యంగా పెరగాలి. అది పెరగకపోతే మిగతా రెండూ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. డైరెక్టరు గారు ఆ పని స్వరూపకే ఇచ్చారు. ఆమె అప్పటికి తాత్కాలిక ఉద్యోగి. ఇది నెగ్గితే పర్మనెంటు చేస్తానని నా ఎదుటే అన్నారు.

పిండాలు పెరిగేది ఎలుక రక్తంలోంచి తీసిన సీరంలో. దానికో నియమం ఉంది. రక్తం తీసిన వెంటనే, గడ్డకట్టకముందే, గిర్రున తిప్పే యంత్రంలో పెట్టెయ్యాలి. ఆలస్యమై గడ్డకట్టాక తిప్పితే వచ్చే సీరం పిండాలకు పడదు. యంత్రమేమో నడవా ఆ చివర. అందుకని రక్తం తీసినవాళ్ళు గొట్టాలు పట్టుకుని "రక్తం! రక్తం!" అని అరుస్తూ పరుగెత్తేవాళ్ళు. ఎదురొచ్చినవాళ్ళు ఎవరైనా సరే గోడకు అంటుకుపోవాలి. డైరెక్టరు గారు కూడా కాగితాలు గుండెకు హత్తుకుని గోడకు నిలబడేవారు. కొత్తవాళ్ళు భయపడేవాళ్ళు, మాకది రోజూ ఉండే వేడుక.

బతుకమ్మ పండుగ వచ్చింది. సద్దుల బతుకమ్మకు ఊరికి పోకుండా స్వరూప ఉండలేదు, సీరం తీయాల్సిన పని ముందుంది. "నువ్వెళ్ళు, నేను తీసి పెడతాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఏ పాపమూ లేదు. నిజంగా లేదా? ఎన్నోసార్లు తవ్వి చూసుకున్నాను. లేదనే అనుకుంటున్నాను. మంచిదాన్ననిపించుకోవాలన్న యావ మాత్రం ఉంది.

రక్తం తీశాను. గొట్టాలు పట్టుకుని పరుగెత్తాను. యంత్రం మూత వేసి మీట నొక్కేసరికి కరెంటు పోయింది. బయట రోడ్డు కోసం తవ్వుతున్న యంత్రం కేబులు తెంపిందట. జనరేటరు ఉంది, కానీ దాని మీద పిండాలు పెరిగే పెట్టెలూ, జంతువుల గదీ మాత్రమే నడుస్తాయి. గొట్టాలను బయటకు తీసి స్టాండులో నిలబెట్టి ఎదురుగా కూర్చున్నాను. కాసేపటికి ఒకదాన్ని వంచి చూశాను. లోపల రక్తం కదలలేదు.

చేయాల్సింది ఒక్కటే. పారబోసి, మర్నాడు మళ్ళీ తీయడం. ఎలుకలున్నాయి, వ్యవధి ఉంది, కరెంటు పోయిందంటే నన్ను ఎవరూ ఏమీ అనరు. లేచి పారబోయడానికి సింకు నాలుగడుగుల దూరం. నేను లేవలేదు. అప్పుడు ఏమనుకున్నాను? ఇంత జాగ్రత్త ఆమె కోసం నేనెందుకు పడాలి అనుకున్నాను. కాదు, అది కూడా తర్వాత అల్లుకున్న మాటేమో. ఆ నడవాలో గోడకు ఆనుకున్న డైరెక్టరు గారి మొహం గుర్తొచ్చింది, ఆయన ఆమె పనిని చూస్తూ లేవకుండా వంగి ఉండిపోయిన ఆ రోజు గుర్తొచ్చింది, ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి ఆమె చేతిలో పని చెడిపోతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. మధ్యాహ్నం భోజనాల వేళకు కరెంటు వచ్చింది. గడ్డకట్టిన రక్తాన్ని యంత్రంలో పెట్టి తిప్పాను. సీరం వచ్చింది. రవ్వంత గులాబీ రంగు తిరిగి ఉంది, నాలా రోజూ చూసేవాళ్ళకు తప్ప తెలియదు. సీసాలకెత్తి స్వరూప పేరు అంటించి ఫ్రీజర్లో పెట్టాను. నేను అంతకుముందు తీసుకున్న మంచి సీరం అదే అరలో ఉంది. దాన్ని వెనక్కి జరిపాను.

పండుగ నుంచి స్వరూప నేరుగా ప్రయోగశాలకే వచ్చింది. చేతిలో స్టీలు డబ్బా, దాన్నిండా సత్తు ముద్దలు. మూత తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, సీరం మంచిగున్నదా?"

"బాగానే ఉంది."

"ఉరికినవా?"

"పరుగెత్తక ఏం చేస్తాను?"

"నువ్వు తీసినవంటే ఇగ నాకు ఫికర్ లేదక్కా. తిను, అమ్మ నీ కోసమే అడిగి మరీ కట్టింది."

తిన్నాను. నువ్వులూ బెల్లం దట్టంగా ఉన్నాయి. రుచిగా ఉందని ఇంకొకటి తీసుకున్నాను. గొంతులోంచి దిగింది, ఏమీ కాలేదు. మీరు నమ్మకపోవచ్చు, ఆ పూట నాకు ఆకలి బాగా వేసింది.

మొదటి గుంపే చెడిపోయింది. మందు ముట్టని పిండాలు కూడా గిడసబారి, మెలికలు తిరిగి వచ్చాయి. స్వరూప మళ్ళీ చేసింది, అదే సీరంతో. మళ్ళీ అంతే. కూనిరాగం ఆగిపోయింది. పట్టకార్లు మార్చింది. కుర్చీ ఎత్తు మార్చింది. ఎలుకల్ని అనుమానించింది, సీసాలు కడిగిన నీళ్ళను అనుమానించింది. సీరాన్ని అనుమానించలేదు. అది నేను తీసింది కదా. చివరికి మిగిలినవి ఆమె చేతులు. బల్ల మీద రెండూ బోర్లా పెట్టుకుని చూసుకుంటూ కూర్చోవడం తలుపు సందులోంచి చూశాను. అప్పుడైనా లోపలికి వెళ్ళవచ్చు. కరెంటు పోయిన సంగతి చెప్పడం మర్చిపోయాను అంటే చాలు. సగం నిజంతో అంతా సర్దుకునేది. నేను వెనక్కి తిరిగి క్యాంటీనుకు వెళ్ళి టీ తాగాను.

కంపెనీవాళ్ళు తొందర పెడుతున్నారని డైరెక్టరు గారు నన్ను పిలిచారు. "ఒకసారి నువ్వు చేసి చూడమ్మా" అన్నారు. వెనక్కి జరిపిన మంచి సీరం తీశాను. చేశాను. స్వరూప నా కుర్చీ వెనకాలే నిలబడి చూసింది, కావాల్సినవి అందించింది. సీసాలు తెరిచిన రోజు మొదటి గుంపు ముత్యాల్లా ఉంది. రెండోది దెబ్బతిన్నది. మూడో గుంపును మైక్రోస్కోపు కింద పెట్టి నేను ఇంకా కన్ను ఆనించకముందే ఆమె పక్కనుంచి వంగి చూసింది.

"అక్కా, కొట్టుకుంటున్నయి! గుండెలు చూడు, అన్ని కొట్టుకుంటున్నయి!"

చిన్నపిల్లలా నా భుజాలు పట్టుకుని ఊపేసింది. తాను అనుకున్నది నిజమైంది. ఎవరి చేతిలో నిజమైందన్నది ఆ నిమిషంలో ఆమెకు పట్టలేదు. నేను దాని మీద కూడా ఏడ్చాను. పక్కవాళ్ళ గెలుపుకు అంత సంతోషించడం నాకెందుకు రాదు? ఆ ఒక్కటైనా నాకు ఎందుకివ్వలేదు?

ఆ పనికి నాకు పేరొచ్చింది. అచ్చయిన వ్యాసంలో మొదటి పేరు నాది. చివర కృతజ్ఞతల్లో ఆమెది. స్వరూపను ఎవరూ పొమ్మనలేదు, పర్మనెంటు మాట మాత్రం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆమే మానేసింది. హైటెక్ సిటీలో కొత్తగా వచ్చిన ఒక ఆఫీసులో చేరింది. అమెరికా డాక్టర్లు టేపుల్లో చెప్పే రోగుల వివరాలను చెవులకు తగిలించుకుని విని, టైపు చేసే పని.

తర్వాత ఒక్కసారే కనిపించింది, లింగంపల్లి బస్టాపులో. మెడలో కంపెనీ బిళ్ళ. నన్ను చూసి పరుగున వచ్చింది. జీతం మంచిగనే ఇస్తుండ్రని చెప్పింది, అమ్మ నన్ను అడిగిందని చెప్పింది. బస్సు వస్తుంటే నా చేతులు రెండూ పట్టుకుని నవ్వింది.

"చేతులంటే నీయే అక్కా. నాకు రాలే. నాయి టైపింగుకే పనికొచ్చినయి."

నేను ఈ కాగితం మొదలుపెట్టింది అసలు ఈ ముక్క రాయడానికే. పాడైన సీరం ఇవ్వడం ఒక తప్పు. కానీ ఆ బస్టాపులో ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం కాదు. సంతోషం. చేతులంటే నావే అని ఆమె నోటితో విన్నాను. బస్సు కదిలాక కూడా నవ్వుతూ చెయ్యి ఊపాను. ఇంటికి వెళ్ళేదాకా నా ఒళ్ళు గాల్లో తేలింది. భయం, సిగ్గు, నిద్ర పట్టకపోవడం, ఇవన్నీ చాలా తర్వాత వచ్చాయి.

మందు తర్వాతి మెట్టు దాకా వెళ్ళి, ఇంకేవో కారణాలతో ఆగిపోయిందని విన్నాను. ఎవరి ప్రాణమూ పోలేదు, శాస్త్రానికి నష్టం జరగలేదు, ఆమెకు మంచి జీతమే వచ్చింది. ఇలా ఎన్ని చెప్పుకున్నానో! ఒక్కటీ నిలబడలేదు. ఒక మనిషి తన చేతుల మీద నమ్మకం పోగొట్టుకుని బతుకుతోంది, ఆ నమ్మకం నా దగ్గర ఉంది.

తర్వాత చాలా ఏళ్ళు కుర్ర పరిశోధకులకు పాఠాలు చెప్పాను. ఎలుక పిండం గురించి వచ్చినప్పుడల్లా "చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు" అని చెప్పేదాన్ని. వాళ్ళు నవ్వి రాసుకునేవాళ్ళు. ఎంత బాగా చెప్పారండీ అనేవాళ్ళు. అంగి అనలేదు నేను. అంటే ఎవరి మాటో బయటపడుతుందని చొక్కా చేశాను. చేతులు తీసుకున్నది చాలక మాట కూడా తీసుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? ఆమెను వెతికి పట్టుకునే ధైర్యం ఈ జన్మకు వస్తుందో రాదో. వెతికినా, మొదట ఆమె చేతుల వైపే చూస్తానని భయం. నా ఏడుపు ఇంకా చావలేదు. ఇది రాస్తుంటే మాత్రం గొంతులోది కాస్త కదిలింది. ఇన్నాళ్ళకు అదే ఎక్కువ.

స్వరూపా, సత్తు డబ్బా ముందు పెట్టి నువ్వో మాట అడిగావు. సీరం మంచిగున్నదా అని.

మంచిగ లేదు. కరెంటు పోయింది, రక్తం గడ్డకట్టింది, నాకు తెలుసు. నీ చేతులు ఏ తప్పూ చేయలేదు.